తాయారు ఏరుకున్న బ్రిడ్జి

భావనపాడులో గంగమ్మ పండగ. సముద్రం ఒడ్డున ఇసకలో వేసిన పందిరి కింద నౌపడ ఆర్కెస్ట్రా వాళ్ళ పాటకచేరి మంచి ఊపు మీద ఉంది. సరిగ్గా అప్పుడే తాయారు ఒళ్ళో ఉన్న బాస్ గిటారు టంగుమని ఒక్క అరుపు అరిచింది. నాలుగు తీగల్లోకీ లావుపాటిది ఊడి, ఎగిరి, ఆవిడ మణికట్టు మీద చెళ్ళున చరిచి పక్కకి పడింది.

డ్రమ్ములవాడు ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. అకార్డియను వాయిస్తున్న నరసింగరావు కళ్ళతోనే ‘ఏటైంది?’ అన్నట్టు చూశాడు. తాయారు మాత్రం చెయ్యి ఆపలేదు. లావు తీగ మీద పలకాల్సిన స్వరాలన్నీ పై స్థాయికి జరిపి, మిగిలిన మూడు తీగల మీదే పాట చివరిదాకా లాక్కొచ్చింది. ఈల వేసేవాళ్ళు వేస్తూనే ఉన్నారు. పాట అయ్యాక ఆవిడ మణికట్టు చూసుకుంటే వాత తేలి ఉంది.

తాయారుకి అప్పటికి ముప్ఫై అయిదేళ్ళు దాటాయి. పుట్టిల్లు విజయనగరం. తండ్రి జగన్నాధం గారు వీణ మాస్టారు. మాటలు వచ్చీరాని వయసులోనే ఆవిడ వేళ్ళు వీణ మెట్ల మీద పడ్డాయి. పెళ్ళయి నౌపడ వచ్చింది. భర్త గణపతిరావు ఉప్పు కొఠార్ల ఆఫీసులో గుమాస్తా. ఆయన తమ్ముడే ఈ నరసింగరావు. పాటలంటే పిచ్చి. ఊళ్ళో నలుగురిని పోగేసి ఆర్కెస్ట్రా పెట్టాడు. విశాఖపట్నం రేవులో ఎవరో ఓడ కళాసీ అమ్మేస్తుంటే ఈ బాస్ గిటారు కొని తెచ్చాడు. దాన్ని వాయించే కుర్రాడికి రూర్కెలాలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే, గిటారు కొన్నాళ్ళు గోడకి జారబడి దుమ్ము పట్టింది. ఒక మధ్యాహ్నం తాయారు దుమ్ము తుడవబోయి దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. నాలుగు తీగలు, వాటి కింద మెట్లు. ఎడమ చేతికి దారి తెలిసినట్టే ఉంది. సాయంత్రం నరసింగరావు ఇంటికొచ్చేసరికి వదిన అతని పాటలకి కింది స్వరాలు కట్టి వాయిస్తోంది.

కోడలు పందిట్లో కూర్చుని కరెంటు గిటారు వాయిస్తుందని మొదట్లో కొందరు ముక్కున వేలేసుకున్నారు. వాయించగా వాయించగా అలవాటు పడిపోయారు. అందరిలాగా నిలబడి భుజాన వేలాడదీసుకోకుండా, కుర్చీలో కూర్చుని, ఎడమ మోకాలు మీద ఆనించుకుని వాయించేది. ఆ పద్ధతి ఆవిడదే.

కచేరీ ముగిసి, వచ్చిన జనం చెదిరాక, తాయారు గిటారుని దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. తీగ తెగలేదు. దాన్ని పట్టి ఉంచే బ్రిడ్జి చిరిగిపోయింది. వీణకి తీగలు ఆనే గుర్రం ఎలాగో ఈ గిటారుకి బ్రిడ్జి అలాగ. కాకపోతే ఇది రేకుతో చేసినది. వెనక అంచుకి నాలుగు కన్నాలు, ఆ కన్నాల్లోంచి వచ్చే తీగలు ఆనడానికి ముందు నాలుగు చిన్న దిమ్మలు. దిమ్మలకి స్క్రూలు. ఉప్పుగాలికి ఆ స్క్రూలన్నీ తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. వెనక అంచుని తుప్పు తినేసి, లావు తీగ లాగుడికి చిరుగు పడింది.

“అతుకు పెట్టించెయ్యొచ్చేటి?” అన్నాడు నరసింగరావు.

తాయారు అంచుని గోటితో గీకింది. తుప్పు పొరలు పొరలుగా రాలింది.

“దీనికి అతుకు నిలవదురా. కొత్తది ఎయ్యాల.”

నరసింగరావు మొహం వాడిపోయింది. వినాయక చవితి దగ్గరలోనే ఉంది. విజయనగరంలో వర్తకసంఘం వాళ్ళ పందిట్లో కచేరీ ఒప్పుకున్నాడు. నౌపడ ఆర్కెస్ట్రా అంత పెద్ద ఊళ్ళో పాడడం అదే మొదలు. పైగా ఆ ఊరు సామాన్యమైనది కాదు. పందిరి ముందు నుంచునే పదిమందిలో నలుగురికి శ్రుతి తప్పితే చెవి పోట్లు వస్తాయి.

మర్నాడు ఉదయం అన్నదమ్ములిద్దరూ వీధి అరుగు మీద కూర్చుని ఇదే మాట్లాడుకుంటున్నారు. తాయారు కాఫీ తెచ్చేసరికి నరసింగరావు గొంతు తగ్గించాడు. ఆవిడ విననే విన్నది.

“విశాపట్నంలో అప్పలసూరని ఒకడున్నాడు. సొంత గిటారు ఉన్నాది ఆడికి. ఈ ఒక్క కచేరీకీ ఆడిని పిలుద్దామని...”

“నన్ను మానిపిద్దామనా?” అంది తాయారు.

“అబ్బెబ్బే, మానిపించడం ఏటొదినా! గిటారు బాగవ్వకపోతే అని.”

“బాగవుతాది.”

“నీకు ఎలగ తెలుసు?”

“బాగుసేసేది నాను గనక.”

గణపతిరావు నవ్వేసి కాఫీ గ్లాసు అందుకున్నాడు. “ఒరే, మీ వొదిన పట్టిన పట్టు వదిలే మడిసి కాదు. బేగి బండెక్కండి ఇద్దరూనూ” అన్నాడు.

బయల్దేరే ముందు తాయారు ఒక పని చేసింది. పాత బ్రిడ్జిని విప్పి, పల్చటి కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసింది. స్క్రూ కన్నాలు ఎక్కడున్నాయో, ఒక తీగకీ ఇంకో తీగకీ మధ్య ఎంత జాగా ఉందో అన్నీ గుర్తు పెట్టింది. గిటారుకి పాత దుప్పటి చుట్టింది. ఇద్దరూ పాసింజరెక్కి విశాఖపట్నం దిగారు.

రేవుకి దగ్గరలో ఉన్న వాద్యాల దుకాణం అది. హార్మోనియాలు, తబలాలు ముందు వరసలో ఉన్నాయి. గోడకి రెండు మూడు గిటార్లు వేలాడుతున్నాయి. గల్లా దగ్గర కూర్చున్న యజమాని లావుగా, నెమ్మదిగా ఉన్నాడు. నరసింగరావు గిటారుకి బ్రిడ్జి కావాలనగానే అద్దాల బీరువా తెరిచి, ముఖమల్ గుడ్డలోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

అది చూస్తే నిజంగా కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు. మందపాటి పళ్ళెం, అద్దంలాంటి మెరుగు. పైన కప్పడానికి వంపు తిరిగిన మూత కూడా ఉంది.

“సీమ సరుకు. ఓడ మీంచి దిగింది. పదేళ్ళయినా చెక్కు చెదరదు” అన్నాడు యజమాని.

ధర విని నరసింగరావు గుటకేశాడు. గిటారు కొన్న ధరకి అది ఎంతో దూరం లేదు. అయినా అతని చూపు దాని మీంచి మళ్ళలేదు.

“తీసేద్దామొదినా. సంఘంవోళ్ళు ఇచ్చిన బయానా నా దగ్గరే ఉన్నాది. పందిట్లో దీపాలు దీని మీద పడితే జనం నోరెళ్ళబెట్టాల.”

“జనం నోరెళ్ళబెట్టడం తరవాత. ముందు తీగలు ఎక్కడ కూసుంటాయో సూడనీ” అంది తాయారు.

ఆవిడ బల్ల మీద తన కాగితం పరిచి, ఆ మెరిసే బ్రిడ్జిని దాని మీద పెట్టింది. గీతల్లోంచి తొంగి చూసినట్టు నాలుగు దిమ్మలూ గుర్తులు దాటి పక్కలకి జరిగి ఉన్నాయి. అటు చివరి తీగ, ఇటు చివరి తీగ బాగా ఎడంగా వచ్చాయి.

“మన గిటారు మెడ సన్నం. దీన్ని ఏస్తే సివరి తీగలు రెండూ మెడ అంచు దాటి కిందకి జారిపోతాయి. నొక్కబోతే ఏలుకి గాలి తగులుతాది. బంగారంతో సేసినా ఇది మనకి పనికిరాదు.”

యజమాని కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం మీదికి వంగాడు. చూసి తలూపాడు. “నిజమేనమ్మా. నేను కొలత అడగలేదు. తప్పు నాదే” అని, ఏ మొహమాటమూ లేకుండా బ్రిడ్జిని తిరిగి గుడ్డలో చుట్టేశాడు. ఆ మాటతో తాయారుకి ఆయన మీద నమ్మకం కుదిరింది.

“సవక రకం ఏటైనా ఉన్నాదా అండీ?”

“ఉన్నాయి కానీ, చెప్పి మరీ ఇస్తాను. కలకత్తాలో చేసే నాటు సరుకు. మెరుగు తొందరగా పోతుంది. స్క్రూలు మెత్తన. నిండా చవక, అదొక్కటే దాని గొప్ప.”

ఆయన సొరుగు లాగి గుప్పెడు బ్రిడ్జిలు బల్ల మీద పోశాడు. ఒకే అచ్చులో తీసినవే అయినా ఏ రెండూ ఒక్కలాగ లేవు. తాయారు కుర్చీ దగ్గరగా లాక్కుని, బియ్యంలో రాళ్ళు ఏరినంత శ్రద్ధగా ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంది. ముందు కాగితం మీద పెట్టి తీగల ఎడం చూసింది. అది సరిపోయింది. స్క్రూ కన్నాలు మాత్రం పాతవాటితో కలవలేదు. అది పెద్ద సంగతి కాదు, కొత్త కన్నాలు వేసుకోవచ్చు. తరవాత రెండు బొటనవేళ్ళతో వెనక అంచుని గట్టిగా నొక్కింది. రెండు మూడు వంగాయి. వాటిని పక్కకి తోసేసింది. వంగని వాటిలో ఒక్కో దిమ్మ స్క్రూనీ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిప్పి చూసింది. ఒకటి మధ్యలో ఇరుక్కుంది. ఇంకొకటి వదులుగా గిరగిరా తిరిగిపోయింది. చివరికి ఒకటి మిగిలింది. పైన మెరుగు ఒక మూల లేచిపోయి ఉంది. కానీ అంచు గట్టిది, నాలుగు దిమ్మలూ ఇత్తడివి, ప్రతి స్క్రూ సాఫీగా, పట్టుగా తిరిగింది.

“ఇది” అంది.

“మెరుగు పోయిన దాన్ని ఏరుకున్నావేటొదినా!” నరసింగరావుకి ఏడుపొక్కటే తక్కువ. “ఇజినారంలో నా పరువు...”

“పరువు దిమ్మల మీద ఉంటాదిరా, పూత మీద ఉండదు. డబ్బు ఇచ్చీ.”

యజమాని ఆ మూల లేచిన పూతకి ధర ఇంకొంచెం తగ్గించాడు. మిగిలిన డబ్బుతో తాయారు కొత్త తీగల జత ఒకటి కొనిపించింది. “మళ్ళీ నెల్లో తిరిగొస్తారేమో చూస్తాను” అని యజమాని నవ్వితే, “వస్తాను. గిటారు సంచీ కొనడానికి” అని ఆవిడా నవ్వింది.

తిరుగు బండిలో నరసింగరావు కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. విజయనగరం స్టేషను రాగానే తాయారు లేచింది.

“ఇక్కడ దిగుదాం. నాన్న ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటాది. అక్కడే బిగిస్తాను.”

జగన్నాధం మాస్టారు శిష్యుల్ని పంపించి, వీణకి గలేబు తొడుగుతున్నారు. కూతురు గిటారు వాయిస్తోందని ఆయనకి తెలుసు. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, ఒక్కసారీ వినలేదు. దుప్పటి విప్పి చాప మీద పెట్టిన ఆ ఎర్రటి కర్రవాద్యాన్ని ఆయన చాలాసేపు చూశారు.

“కరెంటు లేకపోతే ఇది మూగదేనా?”

“మూగది కాదు నాన్నా, గొంతు సిన్నది. సెవి దాని ఒంటికి ఆనించి ఇను.”

ఆయన నెమ్మదిగా వంగి, గిటారు కర్రకి చెవి ఆనించారు. పాత బ్రిడ్జి పెట్టి మిగిలిన తీగల్లో ఒకటి బిగించి మీటింది తాయారు. ఆ శబ్దం ఆయన దవడ ఎముకలోకి దిగింది. కళ్ళు మూసుకున్నారు. లేచి లోపలికి వెళ్ళి, పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన పాత వీణ గుర్రం ఒకటి తెచ్చారు. పనస కర్ర, పైన కంచు రేకు.

“ఆ రేకు ముక్క ఎందుకే నీకు? దీన్ని కాస్త చెక్కించి పెట్టు. మా గురువు గారి వీణది. ఇంతకంటే మంచి గుర్రం నీకు ఏ కొట్లోనూ దొరకదు.”

నరసింగరావు మొహం వెలిగింది. డబ్బు ఖర్చు లేదు, పైగా గురువు గారి పేరు చెప్పుకోవచ్చు. తాయారు మాత్రం గుర్రాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని, తీగ కింద దూర్చి మీటింది. నాదం తియ్యగా, గుండ్రంగా వచ్చింది. ఒక్క క్షణం ఆవిడ మనసు అటు లాగింది. తరవాత మధ్య మెట్టు దగ్గర నొక్కి మీటింది. మొహం చిట్లించింది.

“ఇను నాన్నా. ఈ మెట్టు దగ్గర తీగని ఊరికే తాకి మీటితే ఒక స్వరం. నొక్కి మీటితే అదే స్వరం రావాల. వచ్చిందా?”

“లేదు. నొక్కితే హెచ్చింది.”

“వీణకైతే ఏటి సేస్తావు?”

“మైనం వేడిచేసి మెట్టు జరుపుతాను.”

“దీని మెట్లు మైనంలో లేవు. కర్రలోకి దిగగొట్టేసి ఉన్నాయి, జరగవు. మెట్టు జరగనప్పుడు గుర్రమే జరగాల. అదీ అన్ని తీగలకీ ఒక్కలాగ కాదు. లావు తీగకి ఒక సోటు, సన్న తీగకి ఇంకో సోటు. నీ గుర్రం ఒంటికాలు మీద నిలబడే మహానుబావుడు నాన్నా, ఇక్కడ నాలుగు గుర్రాలు కావాల. ఈ సవక రేకుకి ఆ నాలుగూ ఉన్నాయి.”

మాస్టారు కూతురి చేతిలోంచి గుర్రాన్ని అందుకున్నారు. కోపం వచ్చిందేమోనని నరసింగరావు బిక్కుబిక్కుమంటూ చూశాడు. ఆయన గుర్రాన్ని తిరిగి గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేసి వచ్చి, చాప మీద కూతురికి ఎదురుగా కూర్చున్నారు.

“అయితే జరుపు. నేను వింటాను. హెచ్చో తగ్గో చెప్తాను” అన్నారు.

ముందు బ్రిడ్జి ఎక్కడ కూర్చోవాలో తేల్చాలి. తాయారు గిటారు తలకాయ నుంచి వెనకదాకా మధ్యగా నూలుదారం లాగి కట్టింది. పాత కన్నాల్లోకి వెదురు పుల్లలు చెక్కి, బంక రాసి, సుత్తితో మెల్లిగా దిగగొట్టింది. మాస్టారు పక్కింటి వడ్రంగి దగ్గర చేతి డ్రిల్లు అడిగి తెచ్చారు. నరసింగరావు గిటారుని రెండు చేతులతో అదిమి పట్టుకుని, డ్రిల్లు కర్రలోకి దిగుతుంటే కళ్ళు మూసుకున్నాడు.

“ఒదినా, ఆవలి వైపు తేలిపోతాదేమో సూడు!”

“నీ ఒళ్ళోకి రాదులే. గట్టిగా పట్టుకో.”

బ్రిడ్జిని కర్రకి బిగించడానికి దాంతో వచ్చిన స్క్రూలని ఆవిడ వాడలేదు. యజమాని చెప్పినట్టే అవి మెత్తన. బజారు నుంచి ఇత్తడి స్క్రూలు తెప్పించి వాటితో బిగించింది. కొత్త తీగలు వేసి, శ్రుతి చేసి, ఒక్కో దిమ్మనీ జరపడం మొదలుపెట్టింది. తాకి మీటడం, నొక్కి మీటడం, తండ్రి వైపు చూడడం.

“హెచ్చు.”

ఆవిడ దిమ్మని వెనక్కి లాగింది.

“ఇంకా హెచ్చే. ఆ... ఇప్పుడు తగ్గింది. కొంచెం ముందుకి రానీ. చాలు. కదపకు.”

నాలుగో తీగ దాకా వచ్చేసరికి ఇద్దరూ మాటలు మానేశారు. ఆయన వేలు పైకి లేస్తే ఆవిడ స్క్రూ ఇటు తిప్పేది, కిందకి దిగితే అటు తిప్పేది. వీణ పాఠం చెప్పే రోజుల్లో కూడా ఆయన వేలు అలాగే లేచేది, దిగేది.  

అంతా అయిందనుకున్నాక సన్న తీగ మీటితే సన్నగా జరజరమని ఒక రొద. దిమ్మ వెనక స్ప్రింగు వదులుగా ఉండి అదురుతోంది.

“సూసేవా నాటు సరుకు బుద్ధి!” అన్నాడు నరసింగరావు, ఆ మాట కోసమే ఇందాకటి నుంచి కాచుకుని ఉన్నట్టు.

తాయారు ఇల్లంతా వెతికి, పాత సైకిలు ట్యూబులోంచి అగ్గిపుల్లంత ముక్క కత్తిరించి, స్ప్రింగు కింద దూర్చింది. రొద ఆగిపోయింది. మాస్టారు గట్టిగా నవ్వేశారు. “తంబురాకి తీగ కింద నూలుపోగు పెట్టి రొద పుట్టిస్తాం. ఇక్కడ రబ్బరు పెట్టి రొద చంపుతున్నావు. ఏం లోకమే ఇది!” అన్నారు.

చవితి కచేరీ నాడు సాయంత్రం విజయనగరంలో వాన వెలిసి, వీధంతా తడి మట్టివాసన వేస్తోంది. ఆర్కెస్ట్రా వాళ్ళు మైకుసెట్టు అమర్చుకుంటున్నారు. గణపతిరావు ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. తాయారు ఎర్రంచు తెల్ల చీర కట్టుకుని, కుర్చీ తనకి కావలసిన చోట వేయించుకుంటుండగా, పందిరి పక్క నుంచి తోలు పెట్టె పట్టుకుని ఒక పొడుగాటి మనిషి వచ్చాడు.

“నరసింగరావు గారండీ? అప్పలసూరిని. కబురంపారు.”

తాయారు మరిది వైపు చూసింది. నరసింగరావు అకార్డియను తోలుపట్టీ సర్దుకుంటూ నేలలోకి కూరుకుపోయేలా ఉన్నాడు.

“ముందే సెప్పీసేనొదినా... బ్రిడ్జి సంగతి తేలకముందు. మళ్ళీ వద్దని సెప్పడానికి...”

“సెప్పడానికి నోరు రాలేదు. అంతేనా?”

“ఈ మొదటి పాటలకి ఆడిని ఎక్కిద్దాం ఒదినా. నీ గిటారు ఎలగ నిలబడతాదో తెలీదు కదా. పెద్ద ఊరు.”

తాయారుకి కోపం వచ్చింది. వచ్చిన కోపాన్ని అప్పలసూరి ముందు చూపించదలచుకోలేదు. పాపం, పిలిస్తే అంత దూరం నుంచి వచ్చాడు. అతనికి కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించింది. తరవాత తన గిటారు వైరుని మైకుసెట్టుకి తగిలించి, లావు తీగని ఒక్కసారి మీటి వదిలేసింది.

ఆ నాదం పందిరి గుంజల్లోకి పాకింది. కుర్చీల్లో సర్దుకుంటున్నవాళ్ళు తలెత్తారు. అది ఎక్కడా వణకలేదు, రొద లేదు, తగ్గడానికి తొందరపడలేదు. అప్పలసూరి మంచినీళ్ళ గ్లాసు పెదవుల దగ్గరే ఆపేశాడు. లేచి వచ్చి గిటారు మీదికి వంగాడు.

“బ్రిడ్జి ఏటండీ ఇది? పై పూత లేచిపోనాది గానీ... మెట్టు మెట్టుకీ శ్రుతి కలిసిందా?”

“సూసుకోండి” అని గిటారు అతని చేతికిచ్చింది.

అతను మధ్య మెట్టు దగ్గర నాలుగు తీగలూ తాకి, నొక్కి, పైకీ కిందకీ వెళ్ళి వచ్చాడు. తిరిగి ఇస్తూ నరసింగరావుతో అన్నాడు. “నాదానికి మూడేళ్ళుగా ఈ కుదురు లేదండీ. ఈవిడ ఉండగా నన్నెందుకు పిలిసేరు?”

 తాయారే కలగజేసుకుంది. “వచ్చినవోరిని ఉత్తినే పంపిస్తామేటి? మా దగ్గర రెండు కొత్త హిందీ పాటలున్నాయి, నాకు సరిగ్గా రావు. అవి మీరు వాయించండి. మిగిలినవన్నీ నావి.”

అలాగే జరిగింది. మొదటి పాటకే పందిట్లో కాళ్ళు తాళం వెయ్యడం మొదలుపెట్టాయి. నరసింగరావు అకార్డియను అంత ధీమాగా ఎన్నడూ వాయించలేదు. వెనక నుంచి వదిన కింది స్వరాలు రాతి మెట్లలాగ ఒక్కొక్కటీ వచ్చి అతని పాదం కింద నిలుస్తున్నాయి. మూడో పాటలో తెగించి, బాణీలో లేని గమకం ఒకటి కొత్తగా వేశాడు. తాయారు వీణ మీదలాగ తీగని పక్కకి లాగి దానికి బదులు చెప్పింది. దిమ్మ కదలలేదు. తీగ మళ్ళీ తన చోటికే వచ్చి కూర్చుంది. జనంలోంచి ఎవరో ‘శెబాష్’ అన్నారు. అలా అన్నది ఈలలు వేసే కుర్రాళ్ళ గొంతు కాదు, పెద్ద గొంతు. పందిరి చివర గుంపులో గొడుగు చంకన పెట్టుకుని తండ్రి నుంచుని ఉండడం ఆవిడకి అప్పుడే కనిపించింది. పక్కన ఆయన ఈడు వాళ్ళు ఇద్దరు ముగ్గురు. వాళ్ళకి ఆయన చేతులు తిప్పుతూ ఏదో చెప్తున్నారు. నాలుగు వేళ్ళు చూపిస్తున్నారు.

అప్పలసూరి తన రెండు పాటలూ బాగానే వాయించాడు. చప్పట్లు అతనికీ పడ్డాయి. ఆ కాసేపూ తాయారు కూర్చుని, గోళ్ళ చివర్లు చూసుకుంటూ, మనసులోనే ఆ పాటలు నేర్చేసుకుంది.

కచేరీ అయ్యాక వర్తకసంఘం పెద్ద వచ్చి నరసింగరావు భుజం తట్టి, నిమజ్జనం నాడు కూడా మీరే రావాలన్నాడు. నరసింగరావు ‘అలాగేనండి’ అనబోయి ఆగి, వదిన వైపు తిరిగాడు.

“నువ్వు వస్తే ఒప్పుకుంటాను. నాను మళ్ళీ ఎవుడికీ కబురు పెట్టను. ఒట్టు.”

“ఒట్లు ఎయ్యకు. ముందు ఆ అబ్బాయికి బండి ఖర్చులు ఇచ్చి, దగ్గరుండి బోజనం పెట్టించు” అంది తాయారు.

పందిరి వెనక విస్తళ్ళు వేశారు. పులిహోర, ఉండ్రాళ్ళు. మాస్టారు కూతురి పక్క విస్తరి ముందు చతికిలబడ్డారు. గణపతిరావు ఇటు పక్క కూర్చున్నాడు.

“మూడో పాటలో తీగ లాగావు చూడు” అన్నారు మాస్టారు, ముద్ద కలుపుతూ.

“బాగులేదా నాన్నా?”

“బాగుంది. ఇంకా లాగొచ్చు. భయపడి ఆపేశావు.”

తాయారు ఆలోచించింది. నిజమే. ఇంకో స్వరం దాకా వెళ్ళే బలం ఆ తీగకీ ఉంది, ఆ వేలికీ ఉంది.

“నిమజ్జనం నాడు లాగుతాను” అని, ఉండ్రాయి ఒకటి తీసి తండ్రి విస్తట్లో వేసింది.

“ఒసే, నాకేదీ?” అన్నాడు గణపతిరావు.

“నువ్వేటి వాయించావని?”

చుట్టూ కూర్చున్న ఆర్కెస్ట్రా అంతా పగలబడి నవ్వింది. అప్పలసూరికి పొలమారింది. నరసింగరావు పరుగున వెళ్ళి అతనికి నీళ్ళు తెచ్చాడు.